హెచ్ఏప్రాక్సీ ఏళ్లపాటు వాడాక: దీని విలువంతా క్యూ దగ్గరే

హెచ్ఏప్రాక్సీ అంటే వచ్చే రిక్వెస్టులను వెనకున్న సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్. దాన్ని వెర్షన్ 1.5 నుంచి 2.8 దాకా వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. ఏర్పాటు మామూలుదే. ముందు రెండు హెచ్ఏప్రాక్సీ మెషీన్లు, వాటి వెనక మూడు నుంచి పన్నెండు దాకా అప్లికేషన్ సర్వర్లు, ఆ వెనక ఒక డేటాబేస్. విల్లీ టారో 2000 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ సీ భాషలో రాసింది, ఉచితం. ఇన్‌స్టాల్ చేయడం, మొదటి కాన్ఫిగ్ రాయడం గంటలో అయిపోతాయి. ఆ తర్వాతే అసలు కథ.

కొత్తగా మొదలుపెట్టే ప్రతివాళ్లూ ముందు అడిగేది రిక్వెస్టులు పంచడానికి ఏ అల్గారిదం పెట్టాలని. రిక్వెస్టులన్నీ దాదాపు ఒకే సమయం తీసుకుంటే రౌండ్‌రాబిన్ (సర్వర్లకు వరసగా పంచడం), వెబ్‌సాకెట్లు, డేటాబేస్ కనెక్షన్ల లాంటి గంటల తరబడి ఉండేవైతే లీస్ట్‌కాన్ (తక్కువ కనెక్షన్లున్న సర్వర్‌కు పంపడం). లీస్ట్‌కాన్‌తో ఒక చిక్కుంది. ఇప్పుడే పైకి లేచిన సర్వర్‌కు కనెక్షన్లు సున్నా కాబట్టి వచ్చినవన్నీ దాని నెత్తినే పడతాయి. క్యాష్ ఖాళీగా ఉన్న సర్వర్ ఆ దెబ్బకు మళ్లీ పడిపోతుంది. సర్వర్ లైన్లో స్లోస్టార్ట్ (లేచిన సర్వర్‌కు భారం మెల్లగా పెంచేది) 60 సెకన్లు పెడితే సరి. అల్గారిదం గురించి ఇంతకు మించి ఆలోచించే పని పడలేదు.

ఆలోచించాల్సింది మాక్స్‌కాన్ గురించి, అంటే ఒకేసారి ఎన్ని కనెక్షన్లన్న పరిమితి గురించి. ఈ పేరు కాన్ఫిగ్‌లో మూడు చోట్ల వస్తుంది: గ్లోబల్‌లో, ఫ్రంటెండ్‌లో (బయటి కనెక్షన్లు తీసుకునే భాగం), ఒక్కో సర్వర్ లైన్లో. మొదటి రెండింటినీ అందరూ పెద్ద అంకెలతో నింపుతారు. మూడోది రాయకుండా వదిలేస్తారు, రాయకపోతే పరిమితి లేనట్టే. అప్పుడు హెచ్ఏప్రాక్సీ వచ్చిందాన్ని వచ్చినట్టే వెనక్కి తోసేస్తుంది. అది రాస్తేనే క్యూ పుడుతుంది. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు ఎందుకున్నాయో ఇదీ అందుకే: గర్భగుడి ముందు తోపులాట కంటే బయట కూర్చోబెట్టి విడతలుగా వదిలితేనే గంటకు ఎక్కువమందికి దర్శనం అవుతుంది.

లెక్క చూడండి. సర్వర్‌లో 50 థ్రెడ్లు (ఒక్కోటి ఒకసారికి ఒక రిక్వెస్టు చూస్తుంది), ఒక్కో రిక్వెస్టుకు 200 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 250, మూడు సర్వర్లకు 750. పరీక్షా ఫలితాలు వదిలిన నిమిషంలాంటి సమయంలో సెకనుకు 900 వచ్చాయనుకుందాం. సెకనుకు 150 చొప్పున క్యూలో మిగులుతాయి. పది సెకన్లకు 1500 పోగవుతాయి, అప్పుడు చివర నిలబడ్డ రిక్వెస్టు రెండు సెకన్లు ఆగుతుంది. టైమౌట్ క్యూ (క్యూలో ఆగనిచ్చే గడువు) 5 సెకన్లు పెట్టి ఉంటే 3750 పోగయ్యేదాకా, అంటే 25 సెకన్లపాటు, ఒక్క ఎర్రర్ కూడా రాదు. జనానికి కాస్త నెమ్మదిగా అనిపిస్తుంది, అంతే. అదే పరిమితి లేకుండా 900నీ లోపలికి వదిలితే థ్రెడ్లన్నీ డేటాబేస్ కనెక్షన్ల కోసం కొట్టుకుంటాయి, 200 మిల్లీసెకన్ల పని రెండు సెకన్లకు పాకుతుంది. మూడు సర్వర్ల సామర్థ్యం 750 నుంచి 75కి పడిపోతుంది. వచ్చే రద్దీ తగ్గినా అది త్వరగా తేరుకోదు.

ఇక్కడ రెండు గుంటలున్నాయి. ఒకటి, టైమౌట్ క్యూ రాయకపోతే టైమౌట్ కనెక్ట్ (సర్వర్‌తో కనెక్షన్ కుదరడానికి ఇచ్చే గడువు) విలువనే తీసుకుంటుంది. కనెక్ట్‌కు ఒక సెకను పెట్టినవాళ్లకు క్యూ కూడా ఒక్క సెకనే అని తెలియదు. రద్దీ మొదలవగానే 503లు (సేవ అందుబాటులో లేదన్న ఎర్రర్) కురుస్తాయి, సర్వర్ల సీపీయూ మాత్రం తీరిగ్గా ఉంటుంది. రెండోది ఇంకా గట్టిది. సర్వర్ పనిచేస్తోందా అని చూసే హెల్త్ చెక్‌లు ఈ క్యూలో నిలబడవు, నేరుగా సర్వర్ దగ్గరికి పోతాయి. 50 థ్రెడ్లున్న సర్వర్‌కు మాక్స్‌కాన్ సరిగ్గా 50 ఇస్తే రద్దీలో హెల్త్ చెక్‌కు ఖాళీ థ్రెడ్ దొరకదు. డిఫాల్ట్‌గా రెండు సెకన్లకోసారి చెక్, వరసగా మూడు తప్పితే సర్వర్ డౌన్. కొన్ని సెకన్లలో ఒక సర్వర్ పక్కకు పోతుంది, దాని భారం మిగతా రెండింటి మీద పడుతుంది, అవీ అదే దారి పడతాయి. నిజానికి ఏ సర్వరూ చెడిపోలేదు. 50 థ్రెడ్లకు 45 ఇవ్వండి. ఆ అయిదూ దండగ కాదు.

హెల్త్ చెక్ మాట వచ్చింది కాబట్టి: ఉత్త చెక్ అని రాస్తే టీసీపీ కనెక్షన్ తెరుచుకుంటుందా లేదా అన్నదే చూస్తుంది. ప్రాసెస్ బిగుసుకుపోయినా పోర్టు తెరుచుకునే ఉంటుంది కాబట్టి పచ్చగానే కనిపిస్తుంది. ఆప్షన్ హెచ్‌టీటీపీచెక్ తప్పనిసరి. కానీ ఆ హెల్త్ పేజీ డేటాబేస్‌ను తాకేలా రాయకండి. డేటాబేస్ పది సెకన్లు నెమ్మదించిందంటే పన్నెండు సర్వర్లూ ఒకేసారి డౌన్ అవుతాయి. డేటాబేస్ అవసరంలేని పేజీలు కూడా 503 ఇస్తాయి. సర్వర్ తన పని తాను చేయగలదా అన్నంతవరకే ఆ పేజీ చెప్పాలి.

దీన్ని ఇన్నేళ్లు వదలకపోవడానికి రెండో కారణం లాగ్. ఒక్కో రిక్వెస్టుకు ఒక లైను, అందులో ఏటవాలు గీతలతో విడగొట్టిన అయిదు కాలాలు: క్లయింట్ నుంచి రిక్వెస్టు పూర్తిగా అందడానికి పట్టినది, క్యూలో గడిపినది, సర్వర్‌తో కనెక్షన్‌కు పట్టినది, సర్వర్ జవాబు మొదలవడానికి పట్టినది, మొత్తం. మైనస్ ఒకటి ఉంటే ఆ దశకు చేరనే లేదని అర్థం. "సైట్ స్లోగా ఉంది" అన్న ఫిర్యాదు మీద నెట్‌వర్క్ వాళ్లూ అప్లికేషన్ వాళ్లూ వాదులాడుకునే మీటింగ్ ఈ అయిదు అంకెలతో అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. రెండో అంకె పెరిగితే సామర్థ్యం చాలట్లేదు. నాలుగోది పెరిగితే అప్లికేషన్. మూడోది సరిగ్గా 1000 దగ్గరో 3000 దగ్గరో కనిపిస్తే సిన్ ప్యాకెట్ (కనెక్షన్ తెరిచే మొదటి ప్యాకెట్) పోయి లినక్స్ మళ్లీ పంపిందన్నమాట. చాలాసార్లు తప్పు కేబుల్‌ది కాదు, వెనక సర్వర్ లిజన్ బ్యాక్‌లాగ్ (సర్వర్ తీసుకోవడానికి ఆగిన కనెక్షన్ల వరస) నిండి ఉంటుంది. అందుకే టైమౌట్ కనెక్ట్‌కు 4 లేదా 5 సెకన్లు పెట్టడం మంచిది. 3 పెడితే రెండో రీట్రై ఫలించే క్షణానికే మనం తెంపేస్తాం.

దాని పక్కనే నాలుగు అక్షరాల ముగింపు కోడ్ ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు చదవడం వస్తే చాలు. పెద్ద ఎస్ అంటే సర్వర్ తెంపింది, చిన్న ఎస్ అంటే సర్వర్ వైపు టైమౌట్, పెద్ద సీ అంటే క్లయింట్ వెళ్లిపోయాడు. రెండో అక్షరం ఏ దశలో అన్నది. చిన్న ఎస్, పెద్ద క్యూ అక్షరం (sQ): క్యూలోనే గడువు తీరింది, 503. చిన్న ఎస్, పెద్ద హెచ్: సర్వర్ జవాబు మొదలుపెట్టలేదు, 504. పెద్ద ఎస్, పెద్ద హెచ్: జవాబివ్వకుండానే సర్వర్ కనెక్షన్ మూసేసింది, 502. ఈ మూడోది ఎక్కువగా టైమౌట్ల పొంతన కుదరనప్పుడు వస్తుంది. పైథాన్ అప్లికేషన్ సర్వర్ గ్యునికార్న్‌లో వర్కర్ గడువు డిఫాల్ట్‌గా 30 సెకన్లు. ఇక్కడ టైమౌట్ సర్వర్ 60 పెడితే 30వ సెకనులో వర్కర్‌ను దాని మాస్టర్ ప్రాసెస్సే చంపేస్తుంది, మనకు 502 కనిపిస్తుంది. తిరగేసి పెడితే ఇంకా నష్టం: ఇక్కడ 30కే 504 ఇచ్చేస్తాం, వెనక క్వెరీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, జనం రిఫ్రెష్ కొడతారు, అదే క్వెరీ రెండోసారి మొదలవుతుంది. లోపలి గడువు ఎప్పుడూ బయటి గడువు కంటే చిన్నదిగా ఉండాలి: క్వెరీది వర్కర్ గడువు కంటే, వర్కర్‌ది ఇక్కడి టైమౌట్ సర్వర్ కంటే. అప్పుడే ఎర్రర్ సందేశం అప్లికేషన్ నుంచి వస్తుంది.

రీట్రైలు డిఫాల్ట్‌గా మూడు, అదీ కనెక్షన్ కుదరనప్పుడే. 2.0లో వచ్చిన రీట్రై-ఆన్‌తో 502, 504లను కూడా మళ్లీ పంపించొచ్చు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ, డబ్బు కట్టే పోస్ట్ రిక్వెస్టు రెండుసార్లు వెళ్లిందంటే జవాబు చెప్పుకోలేం. పోస్ట్‌కు ఎల్7 రీట్రై (హెచ్‌టీటీపీ స్థాయిలో మళ్లీ పంపడం) ఆపే నిబంధన కూడా రాసుకున్నాకే దీన్ని ముట్టుకోండి. రిక్వెస్టు ఒక బఫర్‌లో, అంటే డిఫాల్ట్‌గా 16384 బైట్లలో, పట్టకపోతే ఈ రీట్రై ఎలాగూ జరగదు.

ఇక నచ్చనివి. రీలోడ్ చేస్తే కొత్త ప్రాసెస్ లేస్తుంది, పాతది తన కనెక్షన్లు పూర్తయ్యేదాకా ఉంటుంది. మామూలు వెబ్ పేజీలకు ఇది చక్కటి ఏర్పాటు. వెబ్‌సాకెట్లుంటే మాత్రం పాత ప్రాసెస్ రోజులు గడిచినా పోదు. రోజుకు పదిసార్లు రీలోడ్ చేసేచోట పీఎస్ (ప్రాసెస్‌ల జాబితా చూపే ఆదేశం) కొడితే ముసలి ప్రాసెస్‌లు వరసగా కూర్చుని ఉంటాయి. మెమరీ తినడం ఒక్కటే కాదు, సర్వర్ మాక్స్‌కాన్‌ను ప్రతి ప్రాసెస్ విడివిడిగా లెక్కపెట్టుకుంటుంది. కొత్తది 45 దాకా పంపుతుంది, పాతవాటివి అదనం. పైన వేసిన లెక్కంతా బూడిదలో పోసినట్టే. గ్లోబల్‌లో హార్డ్-స్టాప్-ఆఫ్టర్ (పాత ప్రాసెస్‌ను గడువు తీరగానే ఆపేసేది) 10 నిమిషాలు పెట్టుకోవాలి. ముందు మెషీన్లు రెండూ ఒకేసారి ట్రాఫిక్ తీసుకునే ఏర్పాటైతే కూడా ఇదే సంగతి: 45ను రెండుగా పంచి ఒక్కోదానికి 22 ఇవ్వాలి. ఒకటి పనిచేస్తూ ఇంకోటి కాపు కాసే పద్ధతి, కీప్‌అలైవ్‌డీతో (ఒక మెషీన్ పడితే ఐపీని రెండోదానికి మార్చే ప్రోగ్రామ్), మాకు హాయిగా ఉంది. కాపు కాసే మెషీన్ మీద నాన్‌లోకల్ బైండ్ అనే కర్నెల్ అమరికను (సిస్‌కంట్రోల్) 1 చేయడం మరిచిపోతే, తనది కాని ఐపీ మీద హెచ్ఏప్రాక్సీ లేవనే లేవదు.

రీలోడ్‌తో ఇంకో తంటా. సాకెట్ (నడుస్తుండగా ఆదేశాలిచ్చే దారి) ద్వారా ఒక సర్వర్‌ను డ్రెయిన్‌లో (కొత్త ట్రాఫిక్ ఆపే స్థితి) పెట్టి దాని మీద పని చేస్తున్నారు. ఈలోగా ఇంకెవరో సర్టిఫికెట్ మార్చి రీలోడ్ కొట్టారు. డ్రెయిన్ ఎగిరిపోయి ఆ సర్వర్‌కు ట్రాఫిక్ మొదలవుతుంది. సర్వర్ స్థితి ఫైల్‌ను రీలోడ్‌కు ముందు రాయించి, లేవగానే చదివించే ఏర్పాటు చేసుకోవాలి. స్టిక్ టేబుళ్లు (ఏ క్లయింట్ ఏ సర్వర్‌కు వెళ్లాలో లాంటివి గుర్తుంచుకునే పట్టికలు) నిలవాలంటే, వాటిని కొత్త ప్రాసెస్‌కు అందించే పీర్స్ సెక్షన్ కావాలి. ఇవి డిఫాల్ట్‌గా ఎందుకు ఉండవో ఇప్పటికీ అర్థం కాదు.

డీఎన్ఎస్ కూడా ఇలాంటిదే. సర్వర్ పేరును లేచేటప్పుడు ఒక్కసారి ఐపీగా మార్చుకుంటుంది, అంతే. క్లౌడ్‌లో ఐపీ మారినా పాతదాన్నే పట్టుకు వేలాడుతుంది. పేరును మళ్లీ మళ్లీ అడిగి చూసే రిజాల్వర్స్ సెక్షన్ రాసి, సర్వర్ లైన్లో దాన్ని చూపించాలి. జవాబులో ఐపీలు ఎక్కువుంటే 512 బైట్ల డిఫాల్ట్ చాలదు, 8192కు పెంచాలి.

వెబ్‌సాకెట్లకు టైమౌట్ టన్నెల్ (అలాంటి తెరిచి ఉంచే కనెక్షన్ల గడువు) ఒక గంట పెట్టాలి. అది లేకపోతే టైమౌట్ క్లయింట్, టైమౌట్ సర్వర్‌లే వర్తించి మౌనంగా ఉన్న కనెక్షన్లన్నీ తెగిపోతాయి. లినక్స్‌లో బయటికి వెళ్లే పోర్టులు డిఫాల్ట్‌గా 32768 నుంచి 60999 దాకా, ఒక ఐపీ నుంచి ఒక సర్వర్ పోర్టుకు దాదాపు 28 వేల కనెక్షన్లే. ఆ దరిదాపులకు వెళ్లేవాళ్లు ముందే పరిధి పెంచుకోవాలి.

పక్కనున్నవాటితో పోలిస్తే: ఉచిత ఎన్‌జింక్స్‌లో మాక్స్‌కాన్స్ ఉంది గానీ క్యూ లేదు, తానుగా వెళ్లి చూసే హెల్త్ చెక్ లేదు. రెండూ డబ్బు కట్టే ప్లస్‌లోనే. స్టాటిక్ ఫైళ్లు వడ్డించడానికి మాత్రం ఎన్‌జింక్సే, హెచ్ఏప్రాక్సీ ఆ పని చేయదు. నిమిషనిమిషానికి సర్వర్లు మారే చోట ఎన్వాయ్ అనే ఇంకో ప్రాక్సీ సుఖం, దాని కాన్ఫిగ్ చేత్తో రాయడం మాత్రం శిక్షే. వెర్షన్ ఎంచుకునేటప్పుడు రెండో అంకె సరిసంఖ్య ఉన్నది తీసుకోండి, దీర్ఘకాలం సవరణలు అందేవి అవే. ఇంకా ఎన్‌బీప్రాక్‌తో (ఒకేసారి పలు ప్రాసెస్‌లు నడిపే అమరిక) నడిచే పాత కాన్ఫిగ్ ఉంటే 2.5కు ముందే థ్రెడ్లకు మారిపోవాలి, అందులో అది తీసేశారు.

మాక్స్‌కాన్ లేకుండా నడుస్తున్న కాన్ఫిగ్ చేతికొస్తే ఒకేసారి 45 కొట్టకండి. వారంపాటు స్టాట్స్ పేజీలో ఎస్‌మాక్స్ (ఆ సర్వర్‌కు ఒకేసారి వచ్చిన గరిష్ఠ కనెక్షన్లు) నిలువు వరస చూసి, ఆ గరిష్ఠ అంకెతో మొదలుపెట్టి, వారానికి ఐదారు చొప్పున తగ్గిస్తూ రండి. జవాబు సమయం తగ్గుతూ, క్యూమాక్స్ (క్యూ గరిష్ఠ పొడవు) అప్పుడప్పుడూ పదో ఇరవయ్యో చూపిస్తూ ఉంటే సరైన చోటికి వచ్చినట్టు. క్యూమాక్స్ వందల్లోకి వెళ్లినా జవాబు సమయం తగ్గకపోతే సర్వర్ మీద కాకుండా డేటాబేస్ మీద చూడాలి.