అక్షరాల కోసం ఆమ్‌స్టర్‌డామ్, నిద్ర కోసం ఉట్రెక్ట్

నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే తలెత్తి బోర్డులు చూస్తూ నిలబడిపోయాను. "సూట్‌కేసులు అటు పోతుంటే మీరు బోర్డులు చదువుతారేంటి" అని మా ఆవిడ. చదవడం లేదు, చూస్తున్నాను. 1967లో టోటల్ డిజైన్ సంస్థ తరఫున డిజైనర్ బెన్నో విస్సింగ్ మొదలుపెట్టిన పసుపు బోర్డుల పద్ధతి అది. నా బతుకంతా డీటీపీ, పెళ్లి కార్డులు. అక్షరాల డిజైన్ చూడ్డానికి ఈ దేశం రావాలని ఎప్పటినుంచో ఉంది.

ముందు బస సంగతి. మొదటి రెండు రాత్రులు ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవ పక్కన పాత ఇంటి హోటల్. ఫొటోలో ముచ్చటగా ఉంది. లిఫ్ట్ లేదు, మెట్లు దాదాపు నిచ్చెన. మూడో అంతస్తుకి పెట్టె మోసేసరికి ప్రాణం పోయింది. పైగా గది అద్దె మీద నగర పన్ను 12.5 శాతం వేరే. మూడో రోజు ఉట్రెక్ట్‌కి మారిపోయాం. రైల్లో అరగంట దూరం, గది పెద్దది, నిద్ర బాగా పట్టింది. రైలుకి టికెట్ కొనక్కర్లేదు, బ్యాంక్ కార్డు ఎక్కేటప్పుడోసారి, దిగాక ఓసారి తాకిస్తే చాలు. దిగాక తాకించడం ఒకసారి మర్చిపోయాను. డబ్బు ఎక్కువే పోయింది, తప్పు నాదే.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆధునిక కళల మ్యూజియం స్టెడెలిక్‌లో గంట అనుకున్నది సగం రోజైంది. గ్రాఫిక్ డిజైనర్ విమ్ క్రౌవెల్ 1968లో చేసిన 'ఫోర్మ్‌హేవర్స్' (అంటే డిజైనర్లు) పోస్టర్‌లో అక్షరాలతో పాటు, వాటిని కట్టిన గళ్ల గీతలు కూడా అచ్చులో కనిపిస్తాయి. పెళ్లి కార్డులో గైడ్ గీత పొరపాటున ప్రింట్ అయితే మా కస్టమర్ డబ్బులివ్వడు. ఈయన దాన్నే పోస్టర్ చేశాడు! 1967లో ఆయనే వేసిన 'న్యూ ఆల్ఫాబెట్' అనే అక్షరమాల ఇంకా విడ్డూరం. అప్పటి ఎలక్ట్రానిక్ టైప్‌సెట్టింగ్ తెరలు వంపుల్ని సరిగ్గా చూపలేవని, నిలువు, అడ్డం గీతలతోనే అక్షరాలు కట్టాడు. మన 'ఠ'ని అలా రాయగలనా అని కాఫీ బిల్లు వెనక ప్రయత్నించాను. కిటికీలా వచ్చింది.

కానీ నా మనసులో నిలిచింది క్రౌవెల్ కాదు, ఆయన కంటే ముందుతరం విల్లెం సాండ్‌బర్గ్. 1945 నుంచి ఈ మ్యూజియం డైరెక్టర్, కేటలాగులు కూడా తనే డిజైన్ చేసేవాడు. ముతక గోధుమరంగు కాగితం, చేత్తో చించిన అక్షరాలు. ఆయన కథ కోసం ప్లాంటాజ్ కెర్క్‌లాన్ వీధికి వెళ్లాలి. నాజీల ఆక్రమణలో సాండ్‌బర్గ్, ఇంకొందరు కళాకారులు, ప్రింటర్లు కలిసి, నాజీలనుంచి తప్పించుకోవాల్సినవాళ్ల కోసం దొంగ గుర్తింపు కార్డులు తయారుచేశారు. కార్డు ఎంత బాగా కుదిరినా జనాభా రిజిస్టర్‌లో అసలు వివరం ఉంటుందిగా, సరిపోల్చితే దొరికిపోతారు. అందుకే 1943 మార్చి 27న ఈ వీధిలో ఉన్న ఆ రిజిస్టర్ ఆఫీసుకే నిప్పుపెట్టారు. ఆ పని చేసినవాళ్లలో చిత్రకారుడు విల్లెం అరొండెయుస్‌తో సహా పన్నెండుమందిని నాజీలు పట్టుకుని కాల్చి చంపారు. సాండ్‌బర్గ్ మాత్రం దొరకలేదు. అజ్ఞాతంలో చేతిరాత పుస్తకాలు చేసుకుంటూ గడిపాడు. ఆ భవనం గోడకి ఓ ఫలకం ఉంది, అంతే. టికెట్ లేదు, క్యూ లేదు. పక్కనే జూకి పిల్లల్ని తీసుకెళ్తున్నవాళ్లు దాన్ని చూడకుండానే పోతున్నారు.

ఐండ్‌హోవెన్‌లో అక్టోబర్‌లో జరిగే డచ్ డిజైన్ వీక్‌కి ఒక్కరోజు వెళ్లాం. ఒకప్పటి ఫిలిప్స్ ఫ్యాక్టరీ షెడ్లన్నీ ప్రదర్శనలే. బాగుంది కానీ కాళ్లు పీకాయి. ఆ వారం అక్కడ గది దొరకదు, దొరికినా కొనలేం. ఉట్రెక్ట్ నుంచి వెళ్లిరావడమే మేలు.

మా ఆవిడకి నచ్చింది ఉట్రెక్ట్‌లోని రీట్‌వెల్డ్ ష్రోడర్ ఇల్లు, ఆర్కిటెక్ట్ రీట్‌వెల్డ్ డిజైన్‌తో 1924లో కట్టినది. ముందే టైమ్ బుక్ చేసుకోవాలి, చెప్పులకి తొడుగులు వేసుకోవాలి. పైఅంతస్తులో గోడలు జరుగుతాయి. గైడ్ ఒక్కొక్కటీ జరుపుతుంటే హాలు కాస్తా గదులైపోయింది. మూలన కిటికీ రెండు రెక్కలూ తెరిస్తే ఇంటికి మూలే లేదు! ముగ్గురు పిల్లల తల్లి ట్రూస్ ష్రోడర్ దగ్గరుండి కట్టించుకుని 1985లో పోయేదాకా అక్కడే ఉంది. కింద, సరుకులు తెచ్చేవాళ్ల కోసం ఓ రాత: ముందు బెల్ కొట్టండి, పలక్కపోతే గొట్టంలో మాట్లాడండి. మా ఆవిడ ఆ గొట్టం దగ్గరే ఆగిపోయింది. "ఇది మనింట్లో పెట్టించుకుందాం, పాలవాడి కోసం" అంది.