హనుమకొండలో ప్రసంగ శిక్షణ: నా అనుభవం

పరకాల వైపు మా చిన్న క్రైస్తవ సంఘంలో నెలకు రెండు ఆదివారాలు బైబిల్ వాక్యం చెప్పేది నేనే, అందుకే ఈ నాలుగు శనివారాల క్లాసుకు 800 రూపాయలు కట్టి చేరాను.

మొదటి రోజే పరువు పోయింది. బైబిల్‌లో యిర్మీయా 29:11ను, అంటే దేవుడు మేలైన భవిష్యత్తు ఇస్తానన్న వచనాన్ని, కొత్త సంవత్సరం వాగ్దానంగా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, క్లాసు చెప్పే పాస్టర్ అయ్యగారేమో "పై వచనం చదువు బ్రదర్" అన్నారు, చదివితే బబులోనుకు 70 ఏళ్లు గడిచాకే అని ఉంది! అది బబులోనులో చెరలో ఉన్న యూదులకు రాసిన ఉత్తరం, విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రాకుండానే పోయుంటారు. నేనేమో ఈ ఏడాదే ఇల్లు, ఉద్యోగం అని చెప్పేవాణ్ణి.

ప్రసంగానికి ముందు అధ్యాయమంతా నాలుగైదుసార్లు చదవాలి, ఎవరు ఎవరికి ఎందుకు రాశారో చూడాలి, ముఖ్య విషయం ఒక్క వాక్యంలో రాసుకోవాలి, అది రాయలేకపోతే పుల్పిట్ ఎక్కొద్దట. "కాబట్టి" కనిపిస్తే వెనక్కి వెళ్లమన్నారు, "కాబట్టి"తో మొదలయ్యే రోమా పత్రిక 12:1 కోసం ముందు 11 అధ్యాయాలూ తిరగేయించారు.

నచ్చనివి రెండే. చెప్పి చూపించడానికి మనిషికి ఐదు నిమిషాలే ఇచ్చారు, టెన్షన్‌లో నాకు ఉపోద్ఘాతమే దాటలేదు. జిరాక్స్ కాగితాలు కూడా సగం మసక. అయినా మా తమ్ముణ్ణి వచ్చే బ్యాచ్‌కి పంపిస్తున్నా.