‘ట్రాన్స్‌లేషన్స్’ నాటకాన్ని మళ్లీ ఆడితే ఎలా ఆడాలి? 1833లో ఉంచడం మేలా, ఈ రోజుకి తేవడం మేలా?

రాత్రి వేళ. డ్యాన్సు జరుగుతున్న చోటు నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి చేతులు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. ఆమె మయిరా, ఐర్లండ్‌లోని డొనెగల్ ప్రాంతపు పల్లెటూరి పిల్ల. అతను యోలండ్, మ్యాపులు గీయడానికి వచ్చిన ఇంగ్లిష్ సైనికాధికారి. ఆమెకు ఇంగ్లిష్ రాదు, అతనికి ఐరిష్ రాదు. ఆమె వచ్చిన రెండు మూడు ఇంగ్లిష్ ముక్కలు ప్రయత్నిస్తుంది, లాటిన్ కూడా ప్రయత్నిస్తుంది. ఏదీ పనిచేయదు. చివరికి అతను తనకు తెలిసిన ఐరిష్ మాటలు, అంటే చుట్టుపక్కల ఊళ్ల పేర్లు, ఒక్కొక్కటిగా పలకడం మొదలుపెడతాడు. ఆమె జవాబుగా ఇంకో ఊరి పేరు చెబుతుంది. ఆ పేర్లే వాళ్లకు ప్రేమ మాటలవుతాయి. ఇంగ్లిష్ పేర్లు పెట్టడానికి పగలంతా అతను మ్యాపు మీద కొట్టేస్తున్నవీ ఆ పేర్లే.

ఈ సన్నివేశంలో ఇద్దరు నటులూ మాట్లాడేది ఇంగ్లిషే. ప్రేక్షకులకు ఇద్దరి మాటలూ అర్థమవుతాయి, వాళ్లకు మాత్రం ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఐరిష్ నాటకకర్త బ్రయన్ ఫ్రీల్ రాసిన ‘ట్రాన్స్‌లేషన్స్’ అంతా ఈ ఒక్క ఏర్పాటు మీద నిలబడింది. పల్లెవాళ్లు మాట్లాడేది ఐరిష్ అని మనం నమ్మాలి, కానీ చెవికి వినిపించేది ఇంగ్లిష్.

ఈ నాటకాన్ని మళ్లీ వేదిక ఎక్కించే దర్శకుల ముందు మూడు దారులుంటాయి. ఫ్రీల్ కథ నడిపిన 1833లోనే ఉంచడం ఒకటి. ఏదో ఒక గుర్తుతో దాన్ని ఈ కాలానికి ముడివేయడం రెండోది. రెండు భాషల్నీ నిజంగానే మాట్లాడించి, అర్థం కాని భాషకు తెర మీద అక్షరాలు వేయడం మూడోది. నా ఓటు మొదటిదానికే. అయితే మొదటి దారిలోనూ ఒక గుంట ఉంది, దాని సంగతి కూడా చెప్పాలి.

ముందు ఈ నాటకం పుట్టిన చోటు. 1980 సెప్టెంబర్ 23న ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో, గిల్డ్‌హాల్‌లో మొదటిసారి ఆడారు. ఫ్రీల్, నటుడు స్టీఫెన్ రీ కలిసి పెట్టిన ఫీల్డ్ డే సంస్థకు అదే తొలి నాటకం. అప్పటికి ఆ ఊళ్లో పదేళ్లకు పైగా బ్రిటిష్ సైనికులు, బాంబులు, చెక్‌పోస్టులు. గిల్డ్‌హాల్ మీదే 1972లో బాంబులు పడ్డాయి. ఆ ఊరి పేరే ఒక తగాదా. ఒక వర్గం డెర్రీ అంటుంది, ఇంకో వర్గం లండన్‌డెర్రీ అంటుంది. ఊళ్ల పేర్లు మార్చడం గురించిన నాటకాన్ని అలాంటి ఊళ్లో మొదలుపెట్టారు. ఆ రాత్రి వేదిక మీద ఎర్రకోటు సైనికుల్ని చూసినవాళ్లకు, వీధిలోని సైనికులు గుర్తుకు రావాలని ఎవరూ ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండో దారికి మంచి ఉదాహరణ 2018లో లండన్ నేషనల్ థియేటర్ ఆడిన ప్రదర్శన. దర్శకుడు ఇయన్ రిక్సన్, సైన్యానికి దుబాసీగా పనిచేసే ఊరి కుర్రాడు ఓవెన్ పాత్రలో కోలిన్ మోర్గన్, ముసలి మాస్టారు హ్యూగా కియరన్ హైండ్స్. నాటకమంతా 1833లోనే నడుస్తుంది. చివర్లో మాత్రం వెనక నేటి కాలపు సైనికులు ఆయుధాలతో కనిపిస్తారు. ఉద్దేశం స్పష్టం: ఇది అయిపోయిన కథ కాదు, ఇంకా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంది. ఆ ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఫ్రీల్ ముగింపు వేరు. హ్యూ మాస్టారు తాగి, రోమన్ కవి వర్జిల్ పద్యం గుర్తు తెచ్చుకోబోయి మధ్యలో తడబడతాడు. కార్థేజ్ నగరం గురించి, దాన్ని కూల్చబోయే జాతి గురించి చెప్పే పంక్తులవి. పద్యాలన్నీ కంఠస్థమైన మనిషికి పద్యం మరుపున పడటం, అంటే అతనిలో ఒక లోకం జారిపోవడం. ప్రేక్షకుడు ఆ తడబాటు దగ్గర ఆగాలి. వెనక సైనికుడు కనబడితే కళ్లు అటు వెళతాయి, మాస్టారు గొంతు మీద నుంచి మనసు తప్పుతుంది.

ఈ ఆధునిక వేషం అన్నిచోట్లా పనికిరాదని నేను అనడం లేదు. షాన్ ఓ కేసీ రాసిన ‘ది ప్లౌ అండ్ ద స్టార్స్’ విషయంలో అది బాగా కుదిరింది. 1926లో డబ్లిన్ అబీ థియేటర్లో ఆ నాటకం మొదటిసారి ఆడినప్పుడు నాలుగో రాత్రి ప్రేక్షకులు గొడవకు దిగారు. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు వీరుల్ని అవమానించారని వాళ్ల కోపం. పవిత్రంగా చూసుకునే జెండాను సారాయి దుకాణంలోకి తెచ్చి చూపించడం తట్టుకోలేకపోయారు. ఆ థియేటర్ పెద్దల్లో ఒకడైన కవి యేట్స్ వేదిక ఎక్కి ప్రేక్షకుల్నే తిట్టాల్సి వచ్చింది. ఆ తిరుగుబాటుకు నూరేళ్లు నిండిన 2016లో అబీ థియేటర్ షాన్ హోమ్స్ దర్శకత్వంలో దాన్ని మళ్లీ ఆడింది. ఇనుప పరంజాలు, ఈ కాలపు బట్టలు. మొదట్లోనే టీబీ ఉన్న మోల్సర్ అనే పిల్ల జాతీయ గీతం పాడుతూ పాడుతూ రక్తం కక్కుతుంది.

అక్కడ అది ఎందుకు కుదిరిందంటే, ఓ కేసీ చూపించేది ఇరుకు ఇళ్లు, అద్దె బాధ, జబ్బు, బయట ఎవరో ఇచ్చే ఉపన్యాసం, లోపల ఆకలి. 2016 డబ్లిన్‌లో ఇళ్లు దొరకని కష్టం ప్రేక్షకుల ఇళ్లలోనే ఉంది. కాలం మార్చినా కథకు ఆధారమైన బాధ మారలేదు. ‘ట్రాన్స్‌లేషన్స్’ అలా కాదు. దాని ఆధారం ఒక నిర్దిష్టమైన పని: 1820లలో మొదలై 1846 దాకా బ్రిటిష్ సైన్యం సాగించిన ఐర్లండ్ ఆర్డ్నెన్స్ సర్వే, మైలుకు ఆరంగుళాల చొప్పున గీసిన పటాలు, పన్నుల కోసం కొలిచిన భూములు. పక్కనే కొత్తగా వచ్చిన ప్రభుత్వ బడులు. అక్కడ చదువు ఇంగ్లిష్‌లో. పశువుల కొట్టంలో నడిచే పల్లె బడిలో మాత్రం లాటిన్, గ్రీకు. బంగాళాదుంప పొలాల నుంచి తెగులుకు గుర్తైన తియ్యని వాసన వస్తోందని పల్లెవాళ్లు భయపడే చోట, పన్నెండేళ్ల తర్వాత వచ్చే మహా కరువు ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఇవన్నీ ఆ ఒక్క ఏడాదిలో ముడిపడి ఉన్నాయి. ముడి విప్పి ఇంకో కాలానికి తీసుకెళితే దారాలు మిగులుతాయి, గుడ్డ మిగలదు.

మూడో దారి వినడానికి అన్నిటికన్నా న్యాయంగా ఉంటుంది. మయిరా ఐరిష్‌లో మాట్లాడాలి, యోలండ్ ఇంగ్లిష్‌లో మాట్లాడాలి, అదే కదా నిజం? కానీ అలా చేస్తే ఫ్రీల్ పెట్టిన దెబ్బ తగలదు. ఐర్లండ్‌లో కూర్చున్న ప్రేక్షకుల్లో ఎక్కువమంది తాతముత్తాతల భాషను పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లు నాటకం చూస్తూ నవ్వుతారు, ఏడుస్తారు, అంతా అర్థమవుతుంది. ఒక క్షణాన తడుతుంది, నేను దీన్ని ఇంగ్లిష్‌లో వింటున్నాను, ఎందుకంటే వేదిక మీద జరుగుతున్న నష్టం నా చెవుల్లో ఎప్పుడో జరిగిపోయింది అని. తెర మీద అక్షరాలు వేస్తే ఆ క్షణం రాదు. ప్రేక్షకుడు చదువుతూ కూర్చుంటాడు.

ఇక మొదటి దారిలోని గుంట. 1833లో ఉంచడమంటే మ్యూజియంలా పెట్టడం అనుకునేవాళ్లున్నారు. బూటు గుండీ దగ్గర్నుంచి పరిశోధన చేస్తారు. అదీ పొరపాటే, ఎందుకంటే ఫ్రీల్ చరిత్ర అచ్చమైన చరిత్ర కాదు. ఆర్డ్నెన్స్ సర్వే మీద పుస్తకం రాసిన జె. హెచ్. ఆండ్రూస్ ఈ విషయం నేరుగా చెప్పాడు. సర్వే సైనికులకు నాటకంలోలా జనాన్ని ఇళ్ల నుంచి వెళ్లగొట్టే అధికారం లేదు. పైగా పేర్ల పనిలో జాన్ ఓ డోనవన్ లాంటి ఐరిష్ పండితులు తిరిగి, ముసలివాళ్లను అడిగి, పాత రూపాలు రాసి పెట్టారు. వాళ్ల రాతలే తర్వాతి తరాలకు ఐరిష్ పేర్ల ఖజానా అయ్యాయి. ఫ్రీల్ ఈ విమర్శను కాదనలేదు. తను రాసింది భాష గురించి అన్నాడు. కాబట్టి సెట్ మీద పెట్టే శ్రద్ధకన్నా పేర్లు పలికే నోరు మీద పెట్టే శ్రద్ధ ఎక్కువ కావాలి.

ఆ పేర్ల దగ్గరే నాటకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఉంది. ఓవెన్, యోలండ్ మ్యాపు ముందు కూర్చుని ‘టోబర్ వ్రీ’ అనే కూడలి దగ్గర ఆగుతారు. టోబర్ అంటే బావి. వ్రీ అనేది బ్రయన్ అన్న పేరు అరిగి మిగిలిన రూపం. ఎప్పుడో బ్రయన్ అనే మనిషి ఆ బావి నీళ్లతో జబ్బు నయమవుతుందని నమ్మి, అందులోనే మునిగి చచ్చిపోయాడు. ఇప్పుడు ఆ బావీ లేదు, ఆ కథ తెలిసినవాడు ఓవెన్ తప్ప ఎవరూ లేరు. మరి ఆ పేరు ఉంచాలా, తీసేయాలా? ఉంచుదామని పట్టుబట్టేది బయటివాడైన యోలండ్. మర్చిపోదామని వాదించేది ఊరివాడైన ఓవెన్. ఈ తిరగేసిన వాదన చూస్తే, ఫ్రీల్ ఎవర్నీ తేలిగ్గా దుర్మార్గుణ్ని చేయలేదని తెలుస్తుంది.

మన నేలకు కూడా ఈ ఐర్లండ్ సర్వేతో నిజమైన సంబంధం ఒకటుంది. భారత మహా సర్వేకి పేరు తెచ్చిన జార్జ్ ఎవరెస్ట్ 1818లో ఆ సర్వే అధిపతి లాంబ్టన్‌కు సహాయకుడిగా నియమితుడై, హైదరాబాద్ రాజ్యంలో కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో కుప్పకూలాడు. కోలుకున్నాక, కొన్నేళ్లకు 1829లో ఐర్లండ్ వెళ్లి, అక్కడి సర్వే అధిపతి కల్నల్ కోల్బీ వాడుతున్న కొలత కడ్డీలను చూసి, అలాంటివే ఇండియాకు తెచ్చాడు. తర్వాత ఒక శిఖరానికి తన పేరు పెడతామంటే, ఆ పేరు ఇక్కడివాళ్లు పలకలేరని, హిందీలో రాయలేరని అభ్యంతరం చెప్పింది ఆయనే.

అందుకే ఎవరైనా తెలుగులో ఈ నాటకం ఆడితే ఎలా ఉంటుందని తరచూ ఆలోచిస్తుంటాను. కీవ్‌లోని లెస్యా ఉక్రయింకా థియేటర్ దీన్ని ఉక్రెయిన్ భాషలో ఆడి, 2023 జూన్‌లో డబ్లిన్ అబీ వేదిక మీదికీ తెచ్చింది. ఎంతోకాలం రష్యన్ భాషా నాటకాలకు నిలయమైన థియేటర్ అది. ఆ యుద్ధకాలంలో ఆ ప్రేక్షకులకు డొనెగల్ పల్లె దూరం అయి ఉండదు.

తెలుగులో వేస్తే నాటకం జరిగే బేల్యా బేగ్ ఊరిని గోదావరి గట్టుకి మార్చకూడదు. ఎర్రకోటు దొరలకు నిజం ఇంగ్లిష్ ఇవ్వకూడదు, ఎందుకంటే మన ప్రేక్షకులకు రెండూ వస్తాయి, మధ్య గోడ కూలిపోతుంది. అందరూ తెలుగే మాట్లాడాలి. యోలండ్ కనబడకుండా పోయాక, అతని పై అధికారి కెప్టెన్ లాన్సీ వచ్చి ముందు పశువుల్ని చంపిస్తానని, తర్వాత ఇళ్లు కూల్చిస్తానని చెబుతూ ఊళ్ల జాబితా చదువుతాడు. పేర్లన్నీ కొత్తవి. ఓవెన్ ఒక్కొక్కటీ పాత పేరులోకి తిప్పి ఊరివాళ్లకు చెబుతాడు. ఆ పేర్లను కొత్తవిగా మార్చింది అతనే. ఆ జాబితా వేగంగా చదవకూడదు, ఒక్క పేరు కూడా కత్తిరించకూడదు. మ్యూజిక్ అవసరం లేదు. మొదటి అంకంలో ఎంతో కష్టపడి తన పేరు తాను పలకడం నేర్చుకున్న మూగపిల్ల సారా అక్కడే నిలబడి ఉంటుంది. పేరేంటని లాన్సీ గట్టిగా అడుగుతాడు. ఆమె నోరు తెరుస్తుంది, మాట రాదు.