నక్షత్రకాంతి మీది వింత వాదాలు: స్టార్ ఎనలైజర్ 100 ఎంతవరకు తేలుస్తుంది?

నక్షత్రకాంతి దూరం వచ్చేకొద్దీ అలసిపోతుందని, అంటే శక్తి కోల్పోతుందని ఒకరంటారు. కాంతి ఒకప్పుడు ఇంతకంటే వేగంగా పోయేదని ఇంకొకరు. నక్షత్రం మనవైపు దూసుకొస్తుంటే దాని వేగం కాంతికీ కలుస్తుందని మరొకరు. ఇవి నిజమో కాదో సొంత కెమెరాతో చూసుకుందామనుకుంటే తేలిగ్గా మొదలుపెట్టదగ్గ పరికరం స్టార్ ఎనలైజర్ 100. చూడ్డానికి 1.25 అంగుళాల ఫిల్టర్ బిళ్లలా ఉంటుంది, లోపల మిల్లీమీటరుకు 100 గీతల గ్రేటింగ్, అంటే కాంతిని రంగుల పట్టీగా (వర్ణపటంగా) విడదీసే పలక. పరికరంగా దీనికి వంక పెట్టలేం. దాన్ని ఏ ప్రశ్న అడుగుతున్నామన్న దగ్గరే తేడా వస్తుంది.

ముందు బిగింపు. కెమెరా ముక్కుకు మరమేకులాగా తిప్పి బిగించడమే, కానీ గ్రేటింగ్‌కూ సెన్సర్‌కూ మధ్య దూరం కొలిచి పెట్టుకోవాలి. పిక్సెల్ 3.75 మైక్రాన్లు, దూరం 40 మి.మీ. అయితే ఒక్కో పిక్సెల్‌కు సుమారు 9.4 ఆంగ్‌స్ట్రామ్‌లు (తరంగదైర్ఘ్యపు కొలత) వస్తాయి. అంటే నక్షత్రపు చుక్క నుంచి 7000 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా దాదాపు 750 పిక్సెళ్లు. చుక్కా వర్ణపటమూ రెండూ ఒకే ఫ్రేములో పట్టాలి, లేకపోతే కొలతకు మొదలే ఉండదు. గ్రేటింగ్‌ను అటూ ఇటూ తిప్పి, వర్ణపటం సెన్సర్ వరుసలకు సమాంతరంగా వచ్చాక లాక్ చేయాలి. వంకరగా వచ్చినదాన్ని సాఫ్ట్‌వేర్‌లో తిప్పొచ్చు గానీ, సన్నని గీతలు మసకబారతాయి.

మొదటి రాత్రి అభిజిత్తు (వేగా నక్షత్రం) మీద పెట్టండి. వర్ణపటంలో హైడ్రోజన్ వేసే నల్లని గీతలు 4861, 4340, 4102 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఫోకస్ చుక్క మీద కాదు, గీతల మీద చేయాలి, రెండూ ఒకేచోట కుదరవు. ఎక్స్‌పోజర్ ఎక్కువై వర్ణపటం తెల్లబారితే గీతల లోతు తప్పుగా వస్తుంది. కెమెరాలో వెలుగునీడలను సర్దే గామా మార్పులన్నీ ఆపేయాలి. కలర్ కెమెరా అయితే ఫిల్టర్ రంగులు మారే చోట గ్రాఫ్‌లో గుట్టలూ పల్లాలూ లేస్తాయి. వాటినే కొత్త గీతలనుకుని సిద్ధాంతం అల్లేవాళ్లకు కొదవలేదు. మోనో కెమెరాకు ఆ బెడద లేదు.

ఇక అసలు విందు 3సీ 273. కన్యారాశిలోని ఈ క్వేజార్ (చాలా దూరంలోని, నక్షత్రంలా కనిపించే గెలాక్సీ కేంద్రం) ప్రకాశం 13వ తరగతికి (అంకె పెరిగేకొద్దీ మసక) కాస్త అటూ ఇటూ. మార్టెన్ ష్మిట్ 1963లో దీని గీతల గుట్టు విప్పారు. రెడ్‌షిఫ్ట్ (గీతలు ఎరుపువైపు జరిగే నిష్పత్తి) 0.158 కాబట్టి 4861 గీత 5629 దగ్గరికి జరుగుతుంది. పై బిగింపులో అది 82 పిక్సెళ్ల జరుగుబాటు, కంటికే తెలిసిపోతుంది. 8 అంగుళాల టెలిస్కోపుతో నిమిషం చొప్పున 20, 30 ఫ్రేములు తీసి కలపండి. 4340 గీత 5026కి రావాలి. రెండిటి నిష్పత్తి జరగకముందూ జరిగాకా 1.12 అని తేలితే మీ కొలత నిలిచినట్టే. 6563 గీతను మాత్రం నమ్ముకోకండి. అది జరిగి సరిగ్గా మన గాలిలోని ఆక్సిజన్ మింగేసే 7600 దగ్గరే పడుతుంది. ఇంకో మోసం: పక్కనున్న మసక నక్షత్రపు చుక్క వర్ణపటం మీద పడితే అచ్చం ఉద్గార (మెరిసే) గీతలా పొడుచుకొస్తుంది. కెమెరాను, గ్రేటింగ్‌ను కలిపి 20 డిగ్రీలు తిప్పి మళ్లీ తీస్తే దొంగ గీత మాయమవుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి కాంతి అలసిందా, విశ్వం సాగిందా? ఈ బిళ్ల చెప్పలేదు. గ్రేటింగ్ సూత్రంలో ఉన్నవి గీతల ఎడం, కోణం, తరంగదైర్ఘ్యం, అంతే. కాంతివేగం అందులో లేనేలేదు. ఫ్రిట్జ్ జ్వికీ 1929లో తెచ్చిన అలసిన కాంతి వాదమూ గీతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో జరుపుతుంది. దాన్ని పడగొట్టింది సూపర్‌నోవాలు, అంటే నక్షత్ర పేలుళ్లు: రెడ్‌షిఫ్ట్ 0.5 ఉన్న పేలుడు ఆరిపోవడానికి ఒకటిన్నర రెట్ల కాలం తీసుకుంటుంది. అలసట ఒక్కటే కారణమైతే కాలం సాగకూడదు. ‘రెడ్‌షిఫ్ట్ చూశాను, కాబట్టి కాంతి నెమ్మదించింది’ అనడం ఈ పరికరం చెప్పని మాటను దాని నోట పెట్టడమే. వేగం తేడాను పట్టాలని ఫ్రెంచి శాస్త్రవేత్త అరగో 1810లో గ్రేటింగ్ కాదు, వేగాన్ని బట్టి కాంతిని వంచుతుందనుకున్న పట్టకం వాడాడు. నక్షత్రాన్ని బట్టి కాంతి వంగడంలో తేడా అతనికి కనిపించలేదు.

నక్షత్రం వేగం కాంతికి కలుస్తుందన్న భౌతిక శాస్త్రవేత్త రిట్జ్ వాదానికి 1913లో ఖగోళ శాస్త్రవేత్త డి సిట్టర్ జంట నక్షత్రాలతో జవాబిచ్చాడు. వేగాలు కలిస్తే, దగ్గరకొస్తున్నప్పటి కాంతి ముందు బయల్దేరినదాన్ని దాటేసి, కక్ష్యలు చిందరవందరగా కనపడాలి. అలా కనపడవు. సప్తర్షుల్లోని జంట నక్షత్రం వశిష్ఠుడి (మైజార్) గీతలు రెండుగా విడిపోవడం మీరూ చూద్దామంటే ఈ బిళ్ల చాలదు. సెకనుకు 140 కి.మీ. వేగం తేడాకు జరిగేది 2, 3 ఆంగ్‌స్ట్రామ్‌లు, మీ బిగింపులో పిక్సెల్‌లో మూడోవంతు. నక్షత్రపు చుక్కే మూడు నాలుగు పిక్సెళ్లు ఉంటుంది. దానికి కాంతిని సన్నగా లోపలికి వదిలే చీలిక ఉన్న స్పెక్ట్రోగ్రాఫ్ (వర్ణపటాన్ని నమోదు చేసే పరికరం) కావాలి.

200 గీతల మోడల్ కొంటే ఈ లోటు తీరుతుందనుకోవద్దు. గ్రేటింగ్ సెన్సర్‌కు మరీ దగ్గరగా పెట్టాల్సి వచ్చే బిగింపులకు అది పనికొస్తుంది. 40 మి.మీ. చోటు ఉన్నవాళ్లకు 100 చాలు.