కమాండ్ పోస్ట్‌లో సీనియర్ సార్జెంట్‌కి ఏ పని అప్పగించాలి: ఏది మేలు?

అమెరికా సైన్యంలో కొన్ని కంపెనీలు (చిన్న సైనిక దళాలు) కలిస్తే ఒక బెటాలియన్. దాని కమాండర్‌కి సాయపడే స్టాఫ్ చిన్నదే. ఆపరేషన్లు చూసే ఎస్-3 విభాగానికి ఒక మేజర్, ఆయన కింద కొద్దిమంది కెప్టెన్లు, వాళ్లకు తోడుగా ఒక ఆపరేషన్స్ సార్జెంట్ మేజర్, మరికొందరు సార్జెంట్లు ఉంటారు. మన సైన్యంలో హవల్దార్లకూ ఆఫీసర్లకూ మధ్య సుబేదార్ల వరస ఉంది. అక్కడ అలాంటి వరస లేదు. అందుకే మన దగ్గర సుబేదార్ల మీదుండే బరువులో చాలా భాగం అక్కడ సీనియర్ ఎన్‌సీవోలే, అంటే సార్జెంట్ హోదాల వాళ్లే మోస్తారు.

స్టాఫ్‌లో వీళ్లను మూడు రకాలుగా వాడుకుంటారు. టెంట్లు, జనరేటర్లు, కాపలా చూసుకునే మనిషిగా. నడుస్తున్న ఆపరేషన్‌ను కమాండ్ పోస్ట్ నుంచి, అంటే కబుర్లు అందుకుని ఆదేశాలిచ్చే చోటు నుంచి, పట్టి నడిపే బ్యాటిల్ ఎన్‌సీవోగా. ఆఫీసర్ల పక్కన కూర్చుని ప్లాన్ వేసే మనిషిగా.

మొదటి పని తప్పదు. జనరేటర్‌లో డీజిల్ అయిపోతే రేడియోలూ కంప్యూటర్లూ ఆగిపోతాయి. కానీ దీనికి ఒక జూనియర్ సార్జెంట్, పని రాసిన పట్టిక ఉంటే చాలు. పదిహేనేళ్లకు పైగా సర్వీసున్న మనిషి దీన్ని తనిఖీ చేయాలే తప్ప రోజంతా ఇందులోనే గడపకూడదు. ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. గాయాల వల్ల బరువు పనులు చేయలేనివాళ్లను, బదిలీ దగ్గరపడ్డవాళ్లను కంపెనీలు స్టాఫ్‌కి పంపిస్తాయి. వాళ్లు పని నేర్చుకునేలోపే వెళ్లిపోతారు.

రెండోది అన్నిటికన్నా ఫలితమిచ్చే పని. రాత్రి రెండు గంటలకు ఒక కంపెనీ నుంచి, శత్రువు ఎదురుపడ్డాడు, ఇద్దరికి గాయాలు అని కబురొచ్చిందనుకోండి. బ్యాటిల్ ఎన్‌సీవో వెంటనే గదిలో అందరికీ వినపడేలా ఆ మాట చెప్పాలి. డీఏ ఫారం 1594 అనే రోజువారీ జర్నల్‌లో సమయం, కబురు, తీసుకున్న చర్య రాసి పొడి సంతకం పెట్టించాలి. మ్యాప్ మీద చోటు గుర్తు పెట్టించి, ఇంటెలిజెన్స్ వాళ్లకూ ఫిరంగుల వాళ్లకూ అందించాలి. ఇది కమాండర్‌ను లేపాల్సిన విషయాల జాబితాలో ఉందో లేదో చూడాలి. గాయపడ్డవాళ్లను తరలించే అభ్యర్థనలో తొమ్మిది వరసలుంటాయి. మొదటి ఐదు చేతికి రాగానే పైకి పంపేయాలి, మిగతావి తర్వాత పంపొచ్చు. చోటు, ఫ్రీక్వెన్సీ, ఎంత అత్యవసరమైనవాళ్లు ఎందరు, ప్రత్యేక పరికరాలు, పడుకోబెట్టి తేవాల్సినవాళ్లూ నడవగలిగినవాళ్లూ ఎందరెందరు: ఆ ఐదూ ఇవే.

ఇది చెడేది ఎక్కువగా అధికారం ఇవ్వకపోవడం వల్ల. ఆ షిఫ్ట్‌లో కమాండ్ పోస్ట్ చూసే ఆఫీసర్, అంటే బ్యాటిల్ కెప్టెన్, బ్రీఫింగ్‌కి వెళ్లాడని సార్జెంట్ కబురు పట్టుకుని ఎదురు చూస్తే, ఆ నిమిషాలు గాయపడ్డవాడి ప్రాణానికి చేటు. కాబట్టి యూనిట్ ఎస్‌వోపీలో, అంటే పని పద్ధతులు రాసుకున్న పుస్తకంలో, రెండు జాబితాలు రాసిపెట్టాలి. తరలింపు కోరడం, పై హెడ్‌క్వార్టర్స్‌కి కబురు చేయడం, కమాండర్‌ను లేపడం ఎన్‌సీవో తనంతట తాను చేయొచ్చు. కంపెనీల మధ్య హద్దులు మార్చడం, అవసరానికి పక్కన ఉంచిన దళాన్ని (రిజర్వును) కదిలించడం మాత్రం అడిగే చేయాలి.

మూడోది, అంటే ప్లానింగ్, ఆఫీసర్ల పనే అనుకోవడం నష్టం. కానీ ప్లాన్ వేసే ఏడు అంచెల ప్రక్రియ మొత్తంలో సార్జెంట్‌ను కూర్చోబెట్టడం కూడా దండగే. అలా చేస్తే కమాండ్ పోస్ట్ ఖాళీ అవుతుంది, అతను చివరికి స్లైడ్లు దిద్దుతుంటాడు. మూడు చోట్ల పిలిస్తే చాలు. ఒకటి, మిషన్ విశ్లేషణ (అప్పగించిన పనిని అర్థం చేసుకునే అంచె) మొదట్లో సమయం లెక్కేసేటప్పుడు. చేతిలో 24 గంటలుంటే బెటాలియన్ 8 వాడుకుని 16 కంపెనీలకు వదలాలన్నది నియమం. ఆ 16లో తనిఖీలకు, రిహార్సల్‌కి, నిద్రకి నిజంగా ఎంత పడుతుందో సార్జెంట్‌కి తెలుసు. రెండు, వార్‌గేమ్, అంటే ప్లాన్‌ను అంచెలంచెలుగా కాగితం మీద ఆడి చూడటం. 60 వాహనాలు 50 మీటర్ల ఎడంతో వెళ్తే వాటి పొడవు వదిలేసినా వరస 3 కిలోమీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో అది ఒక చోటు దాటడానికి 9 నిమిషాలు. ఎడం 100 మీటర్లకు పెంచితే 18. లైట్లు ఆర్పి వెళ్తే ఆ వేగం కూడా ఉండదు. కాగితం మీద చక్కగా కుదిరిన ప్లాన్ ఇలాంటి చోటే విరుగుతుంది, దాన్ని పట్టేది సార్జెంటే. అందుకే వార్‌గేమ్‌లో అతనికి నోట్సు రాసే పని ఇవ్వకండి, అది లెఫ్టినెంట్ రాయగలడు. మూడు, ఆర్డర్ బయటికి వెళ్లేముందు. అనుబంధాలన్నీ ఉన్నాయా, మ్యాప్ గ్రిడ్లు సరిపోతున్నాయా, ప్రతి కంపెనీ అందిందని చెప్పిందా అన్నది అతనే చూడాలి.

బ్యాటిల్ ఎన్‌సీవో పనే మేలు, ప్లానింగ్‌లో ఆ మూడు చోట్లు దానికి తోడు. సీనియర్ ఒక్కడే ఉంటే రాత్రి షిఫ్ట్ ఇవ్వండి, ఎస్-3 మేజర్ పడుకునే వేళ అనుభవం అవసరమయ్యేది అప్పుడే. ఇద్దరుంటే ఒకరిని స్టాఫ్ పని నేర్పే కోర్సుకు పంపండి. ప్లానింగ్ భాష అక్కడ వస్తుంది. ఇక 12 గంటల షిఫ్టుల్లో బ్యాటిల్ కెప్టెన్, బ్యాటిల్ ఎన్‌సీవో ఒకేసారి మారకూడదు. కెప్టెన్ ఆరింటికి మారితే ఎన్‌సీవో ఎనిమిదింటికి మారాలి. అలా అయితే జరిగిందంతా తెలిసిన మనిషి ఒకరు ఎప్పుడూ గదిలో ఉంటారు.