401 మూసేసిన రాత్రి మమ్మల్ని ఇంటికి చేర్చిన ఈడీఆర్ బోర్డులు

కెనడాలోని ఒంటారియోలో చాలా ఏళ్లుగా కారు నడుపుతున్నాను. ఉండేది ఇక్కడి లండన్ ఊళ్లో, చుట్టాలంతా టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో, కాబట్టి వారాంతం వస్తే 401 హైవే మీదే ఉంటాం. ఎగ్జిట్ నంబర్లు విండ్సర్ నుంచి కిలోమీటర్ల లెక్కన ఉంటాయని ఇక్కడ ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. నాకు అన్నిటికంటే నచ్చినవి హైవే మీద కాదు, దాని పక్క ఊళ్ల రోడ్ల మీద ఉన్నాయి: ఈడీఆర్ బోర్డులు, అంటే ఎమర్జెన్సీ డీటూర్ రూట్, హైవే మూసేసినప్పుడు పక్కదారి చూపించేవి.

ఒక జనవరి రాత్రి తిరిగొస్తుంటే వుడ్‌స్టాక్ దాటాక ఏదో యాక్సిడెంట్ అయ్యిందట, పోలీసులు 401 మూసేసి బళ్లన్నిటినీ 232 ఎగ్జిట్ దగ్గర కిందికి దింపేశారు. మేం దిగాల్సింది 186లో, అంటే ఇంకా 46 కిలోమీటర్లు. హ్యూరాన్ సరస్సు వైపు నుంచి మంచు తెరలు తెరలుగా కొడుతోంది, పిల్లలు వెనక నిద్రపోతున్నారు, ఫోన్‌లో మ్యాప్ ఏమో పొలాల మధ్య కంకర రోడ్డులోకి తిరగమంటోంది, చూస్తే అందులో మంచు తీసిన ఆనవాలే లేదు. ఒకటే టెన్షన్. అప్పుడు మా ఆవిడ "అదిగో, ఈడీఆర్ అని ఉంది చూడండి, 401 అని కూడా ఉంది" అంది. ఇక మ్యాప్ ఆపేశాం. తిరగాల్సిన ప్రతిచోటా ఇంకో బోర్డు, ముందు వెళ్తున్న పెద్ద ట్రక్కు టైర్ల జాడ పట్టుకుని ఊళ్లు దాటుకుంటూ పోతే తిన్నగా మళ్లీ 401 ర్యాంపు దగ్గర తేలాం. దారిలో ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు. వాటిని పెట్టించిన వాళ్లకి ఓ దండం.

అలాగని తొందరగా చేరామని కాదు, హైవే మీది బళ్లన్నీ ఆ చిన్న రోడ్డు మీదే కదా, చాలాసేపు పాకుతూనే వెళ్లాం. బోర్డుకి మంచు అంటుకుంటే కనబడదు కూడా, ఒక మలుపు దగ్గర పక్క సీట్లో మనిషి లేకపోతే దాటిపోయేవాళ్లమే. అన్నిటికీ మించి, పక్కదారి అంటూ ఉంటేనే ఇదంతా. ఉత్తరాన నిపిగాన్ దగ్గర 11, 17 హైవేలు రెండూ ఒకే వంతెన మీద నది దాటతాయి. 2016 జనవరిలో ఆ వంతెన పైకి లేచిపోయి మూసేసినప్పుడు కెనడాలో తూర్పు నుంచి పడమరకి వెళ్లడానికి ఇంకో రోడ్డే లేదు, అమెరికా మీంచి చుట్టు తిరగాల్సిందే.

నేను తిరిగేది ఎక్కువగా విండ్సర్, టొరంటోల మధ్య, అదీ పిల్లలతో. నా మటుకు ఈ బోర్డులు ఫోన్ మ్యాప్ కంటే నమ్మకం. సడ్‌బరీ దాటి ఉత్తరానికి వెళ్లేవాళ్లకి మాత్రం ఇదే మాట ఇవ్వలేను. అటైతే బయల్దేరే ముందు 511లో, అంటే ఒంటారియో రోడ్ల సమాచారం చెప్పే సర్వీసులో, రోడ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి, పెట్రోలు బంకు కనబడిన చోటల్లా ట్యాంకు నింపుకోండి.