మోకాళ్ళ నొప్పికి బిళ్ళా, జెల్లా, బామా?

సార్వా ఊడ్పుల రోజుల్లో కోనసీమలో ఏ ఊరి మెడికల్ షాపు దగ్గరైనా వినపడే మాటే: "బాబూ, మోకాళ్ళ నొప్పికి బిళ్ళలివ్వు." మందు పేరు అడగరు, చీటీ చూపించరు. పొద్దున్నే మళ్ళీ బురదలోకి దిగాలి కదా, ఆ తొందరలో బిళ్ళే గెలుస్తుంది.

బిళ్ళ పని చెయ్యదని కాదు. మోకాలి కోసం మింగింది ఒళ్ళంతా తిరుగుతుంది, అదీ ఇబ్బంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నొప్పితోపాటు కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాలనూ తగ్గిస్తాయి. కడుపులో మంట, పుండ్లు, ఒక్కోసారి రక్తస్రావం దానివల్లే. బీపీ పెరగొచ్చు, కిడ్నీలకు రక్తం తగ్గొచ్చు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ముప్పు ఎక్కువ. అరవై దాటి, బీపీకీ షుగర్‌కీ మందులు వాడుతూ నెలల తరబడి ఈ బిళ్ళలు కూడా మింగేవాళ్ళు మన వీధిలోనే కనిపిస్తారు.

అదే డైక్లోఫెనాక్‌ను జెల్‌గా రాస్తే రక్తంలో చేరేది బిళ్ళతో పోలిస్తే సుమారు 6 శాతమే. మోకాలు చర్మానికి దగ్గరగా ఉండే కీలు కాబట్టి మందు అందుతుంది. "గుజ్జు అరిగిపోయింది" అన్న మోకాలికి ముందు పూత మందు, అది చాలకపోతేనే బిళ్ళ అని బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ వైద్యమో సూచించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అరిగిన గుజ్జును మాత్రం జెల్ తిరిగి పుట్టించదు, బిళ్ళా పుట్టించదు.

జెల్‌ను మరీ ఆకాశానికెత్తెయ్యడమూ సరికాదు. ఎన్నో పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్షలో కొన్ని వారాలు డైక్లోఫెనాక్ రాసినవాళ్ళలో పదిమందికి ఆరుగురికి నొప్పి బాగా తగ్గింది. మందు లేని పూత రాసినా ఐదుగురికి తగ్గింది! తేడా చిన్నదే. అయినా నా ఓటు జెల్‌కే, ఎందుకంటే దానితో వచ్చే నష్టం ఎక్కువగా చర్మం మీద దురద, ఎర్రదనం దగ్గరే ఆగుతుంది.

అసలు చిక్కు ఖర్చు. శనగగింజంత తీసి రెండు మోకాళ్ళకీ పులిమి "పని చెయ్యలేదు" అంటే లాభం లేదు. అమెరికాలో 1 శాతం జెల్ లేబుల్ ప్రకారం ఒక్కో మోకాలికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. రెండింటికీ కలిపి 32 గ్రాములు, అంటే 30 గ్రాముల ట్యూబు ఒక్కరోజుకే చాలదు. 2 నుంచి 4 గ్రాములు, మూడు నాలుగుసార్లు అనే లేబుళ్ళూ ఉన్నాయి. ఎంత రాయాలో డాక్టర్ని అడిగి, ఎక్కువ బాధపెట్టే మోకాలితో మొదలుపెట్టి, జెనరిక్ ట్యూబు ఉందేమో చూడండి. మన దగ్గర ట్యూబుల మీద "డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం" అని ఉంటే అదీ పైన చెప్పిన 1 శాతం (డైక్లోఫెనాక్ సోడియం) జెల్‌కు సమానమే.

రాసే వేళ కూడా ముఖ్యం. చేలోకి దిగేముందు రాస్తే బురదనీటికే పోతుంది. సాయంత్రం స్నానం చేసి, కాలు పొడిగా తుడుచుకుని రాయండి. గంటసేపు తడపొద్దు. పైన వావిలాకు కాపడం అసలొద్దు, వేడికి మందు ఎక్కువగా లోపలికి పోతుంది. పుండు ఉన్నచోట రాయకూడదు. చేతులు కడుక్కున్నాకే కళ్ళు నులుముకోవడం, మనవళ్ళను ఎత్తుకోవడం.

బామ్ సంగతి వేరు. మెంథాల్, కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె చర్మం మీద చల్లదనం, వేడి పుట్టించి మనసును నొప్పి మీంచి మళ్ళిస్తాయి. హాయిగానే ఉంటుంది, కానీ జెల్ చేసే పని దానితో కాదు. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళు వింటర్‌గ్రీన్ ఉన్న బామ్‌ను ఎడాపెడా రుద్దుకోకూడదు.

తుంటి నొప్పికి జెల్ దండగే, ఆ కీలు చాలా లోతున ఉంటుంది. అక్కడా, నాలుగైదు కీళ్ళు ఒకేసారి నొప్పెడుతున్నా డాక్టర్ రాసిన బిళ్ళే మేలు, కొద్దిరోజులకే. ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చేవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు జెల్ అయినా అడగకుండా మొదలుపెట్టొద్దు. మలం నల్లగా వస్తుంటే బిళ్ళ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా వస్తే జెల్లూ బిళ్ళా అని చూడకుండా ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.